పరిశోధన అణు రియాక్టర్లు: విశ్వవిద్యాలయాల్లో భద్రతా పర్యవేక్షణ, నియంత్రణ నివేదికలు

కరెంటు కోసం కాక న్యూట్రాన్ల కోసం నడిపే అణు రియాక్టర్‌ను పరిశోధన రియాక్టర్ అంటారు. విద్యుత్ కేంద్రానికి యురేనియం విచ్ఛిత్తిలో పుట్టే వేడి కావాలి. పరిశోధన రియాక్టర్‌కు ఆ వేడితో పని లేదు, చల్లార్చి వదిలేస్తారు. దానికి కావలసింది న్యూట్రాన్లు. వాటితో వైద్యానికి, పరిశ్రమలకు పనికివచ్చే ఐసోటోపులు తయారు చేస్తారు, పదార్థాల లోపలి నిర్మాణం చూస్తారు, మట్టిలోనో రాతిలోనో అతి స్వల్పంగా ఉన్న మూలకాలను గుర్తిస్తారు, విద్యార్థులకు శిక్షణ ఇస్తారు. ప్రపంచంలో నడుస్తున్న పరిశోధన రియాక్టర్లు సుమారు 220. వాటిలో కొన్ని విశ్వవిద్యాలయాల ఆవరణల్లోనే ఉన్నాయి.

ఈ రియాక్టర్ చట్టం, లైసెన్సు విధించిన హద్దుల్లోనే నడుస్తోందా అని నిరంతరం చూడటం భద్రతా పర్యవేక్షణ. హద్దు దాటినప్పుడూ, దాటకపోయినా నియమిత గడువుల్లోనూ నియంత్రణ సంస్థకు రాతపూర్వకంగా తెలపడం నియంత్రణ నివేదిక. భారత విశ్వవిద్యాలయాల్లో నడుస్తున్న పరిశోధన రియాక్టర్ ఏదీ లేదు. అందువల్ల ఈ వ్యాసంలో విశ్వవిద్యాలయ రియాక్టర్ల ఉదాహరణలు ఎక్కువగా విదేశాలవి. భారతదేశానికి సంబంధించి ప్రభుత్వ రియాక్టర్లు, విశ్వవిద్యాలయాల్లోని రేడియోధార్మిక పదార్థాలు, తెలుగు ప్రాంతాల అనుభవం చర్చకు వస్తాయి.

రకాలు, శక్తి స్థాయిలు

శక్తిలో ఈ రియాక్టర్లకూ విద్యుత్ రియాక్టర్లకూ పోలిక లేదు. పెద్ద విద్యుత్ రియాక్టర్ ఉష్ణశక్తి 3,000 మెగావాట్లు దాటుతుంది. జపాన్‌లోని కిందాయ్ విశ్వవిద్యాలయ రియాక్టర్ శక్తి ఒక్క వాట్. అమెరికాలో విశ్వవిద్యాలయ రియాక్టర్లన్నిటిలో పెద్దదైన మిస్సోరి రియాక్టర్ 10 మెగావాట్లది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ రియాక్టర్ 6 మెగావాట్లు, ఆస్ట్రియాలో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయానిది 250 కిలోవాట్లు. జర్మనీలో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం గార్హింగ్‌లో నడిపే ఎఫ్‌ఆర్‌ఎం-2 శక్తి 20 మెగావాట్లు.

నిర్మాణ పద్ధతుల్లో ఎక్కువగా కనిపించేది కొలను రకం. లోతైన నీటి తొట్టి అడుగున ఇంధనం ఉంటుంది. పైనున్న నీరే చల్లబరుస్తుంది, వికిరణాన్ని అడ్డుకుంటుంది, న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది. పై అంచున నిలబడి చూస్తే నీటి అడుగున నీలి వెలుగు కనిపిస్తుంది. కొలను రకంలోనే ప్రత్యేకమైనది ట్రైగా. దాని ఇంధనంలో యురేనియంతో పాటు జిర్కోనియం హైడ్రైడ్ కలిసి ఉంటుంది. ఇంధనం వేడెక్కగానే శృంఖల చర్య దానంతట అదే మందగిస్తుంది. ఆపరేటర్ చేయి కదపనక్కరలేదు. 1958లో అమెరికాలోని శాన్‌డియాగోలో మొదటిది పనిచేయడం మొదలుపెట్టాక విశ్వవిద్యాలయాలు దీన్నే ఎక్కువగా ఎంచుకోవడానికి కారణం ఈ గుణమే. ఆర్గోనాట్, కెనడా వారి స్లోపోక్ మరికొన్ని రకాలు.

చరిత్ర

విశ్వవిద్యాలయ ఆవరణలో తొలి రియాక్టర్ 1953 సెప్టెంబరులో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ కాలేజీలో క్రిటికాలిటీకి, అంటే శృంఖల చర్య తనంతట తాను నిలదొక్కుకునే స్థితికి, చేరింది. 1955లో పెన్ స్టేట్‌లో ఇంకొకటి వచ్చింది. ‘శాంతి కోసం అణుశక్తి’ నినాదంతో అమెరికా ఆ దశకంలో మిత్రదేశాలకూ రియాక్టర్లు, ఇంధనం అందించింది. 1954 నాటి అమెరికా అణుశక్తి చట్టంలోని 104వ సెక్షన్ పరిశోధన రియాక్టర్లపై కనీస నియంత్రణే ఉండాలని చెప్పింది. అయితే ప్రజల ఆరోగ్యం, భద్రత విషయంలో రాజీ పడకుండా ఎంత తక్కువ సాధ్యమో అంత. తరవాత వచ్చిన ‘స్థాయికి తగ్గ నియంత్రణ’ అనే అంతర్జాతీయ సూత్రానికి ఆ ఆలోచన దగ్గరి చుట్టం.

1950, 60 దశకాల్లో వచ్చిన రియాక్టర్లలో చాలావాటికి మొదట్లో అతి సుసంపన్న యురేనియం వాడారు. అది ఆయుధాలకూ పనికివస్తుంది. అందుకే 1978 నుంచి తక్కువ సుసంపన్నత ఇంధనానికి మార్చే కార్యక్రమం నడుస్తోంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2004లో పరిశోధన రియాక్టర్ల భద్రతా ప్రవర్తన నియమావళిని ఆమోదించింది. సభ్యదేశాలు పరస్పరం ఘటనలు తెలుపుకొనే వ్యవస్థను అదే సంస్థ 1997లో ఏర్పాటు చేసింది.

పర్యవేక్షణ అంచెలు

భద్రతకు మూడు ప్రాథమిక పనులున్నాయి: శృంఖల చర్యను అదుపులో ఉంచడం, వేడిని తొలగించడం, రేడియోధార్మిక పదార్థం బయటపడకుండా బంధించడం. ఆ పనులు సవ్యంగా జరుగుతున్నాయో లేదో ఎవరు చూస్తారన్నదే పర్యవేక్షణ సమస్య.

అమెరికాలో అమెరికన్ న్యూక్లియర్ సొసైటీ 15.1 ప్రమాణం దీనికి నాలుగు అంచెలు నిర్దేశించింది. అన్నిటికంటే పైన లైసెన్సుకు జవాబుదారీ అయిన విశ్వవిద్యాలయ పెద్ద, అంటే అధ్యక్షుడో డీనో ఉంటారు. ఆ కింద కేంద్రం డైరెక్టర్, తరవాత రోజువారీ నిర్వహణ చూసే సూపర్‌వైజర్, చివర ఆపరేటర్లు. ఆపరేటర్‌కు వ్యక్తిగత లైసెన్సు ఉండాలి. దాని గడువు ఆరేళ్లు, మధ్యలో పునఃపరీక్షలు రాయాలి. ఒరెగాన్ రాష్ట్రంలోని రీడ్ కాలేజీలో డిగ్రీ విద్యార్థులే ఈ పరీక్షలు రాసి 250 కిలోవాట్ల ట్రైగాను నడుపుతారు. సాహిత్యమో తత్వశాస్త్రమో చదువుతున్నవాళ్లూ అందులో ఉంటారు.

ఈ వరస పక్కనే, దానికి లోబడకుండా సమీక్షా సంఘం ఉంటుంది. కొత్త ప్రయోగానికి, పరికరంలో మార్పుకు, పద్ధతుల సవరణకు దాని ఆమోదం కావాలి. ఏడాదికి కనీసం ఒకసారి సమావేశం కావాలి. కోరమ్‌లో రియాక్టర్ సిబ్బందే మెజారిటీ కాకూడదు. అదే సంఘం ఆడిట్ కూడా చేయిస్తుంది. ఏ విభాగాన్ని తనిఖీ చేస్తున్నారో ఆ విభాగం బాధ్యులు ఆ ఆడిట్ చేయకూడదు. ఇదంతా విశ్వవిద్యాలయం లోపలి వ్యవస్థ. దాని పైన అమెరికా న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ ఇన్‌స్పెక్టర్లు వస్తారు. 2 మెగావాట్లు, అంతకు మించిన రియాక్టర్లను ఏటా, చిన్నవాటిని రెండేళ్లకోసారి తనిఖీ చేస్తారు.

సాంకేతిక నిబంధనలు

లైసెన్సుతో పాటు జతపడే సాంకేతిక నిబంధనల పత్రమే పర్యవేక్షణకు ఆధారం. ఇందులో హద్దులు ఒకదాని లోపల ఒకటిగా ఉంటాయి. బయటి గీత భద్రతా పరిమితి. ఉక్కు తొడుగున్న ట్రైగా ఇంధనానికి అది 1,150 డిగ్రీల సెల్సియస్. దానికి చాలా దిగువనే రియాక్టర్ తనంతట తాను ఆగిపోయేలా ఒక విలువ నిర్ణయిస్తారు. ఆ విలువను తాకగానే నియంత్రణ కడ్డీలు రియాక్టర్ గర్భంలోకి పడిపోతాయి; ఆపరేటర్ల భాషలో దీన్ని స్క్రామ్ అంటారు. ఇంకా లోపల, నడపడానికి కనీసం ఏమేమి పనిచేస్తూ ఉండాలో చెప్పే షరతులుంటాయి: ఎన్ని వికిరణ మీటర్లు, కొలనులో ఎంత మట్టం నీరు, ఏ గాలి వడపోత. ఆ మీటర్లు నిజంగా పనిచేస్తున్నాయని ఎన్నాళ్లకోసారి పరీక్షించాలో మరో భాగం చెబుతుంది.

ఆచరణలో ఇదంతా ఒక చెక్‌లిస్టుగా, ఒక లాగ్‌బుక్‌గా దిగుతుంది. ఉదయం రియాక్టర్ మొదలుపెట్టే ముందు ఆపరేటర్ కొలను నీటి మట్టం, నీటి విద్యుద్వాహకత చూస్తారు. వికిరణ మానిటర్లకు పరీక్షా సంకేతం ఇస్తారు. కడ్డీని కొంచెం పైకెత్తి స్క్రామ్ మీట నొక్కి, అది పడిందని చూస్తారు. ప్రతి అడుగుకూ సమయం, సంతకం ఉంటాయి. మధ్యలో స్క్రామ్ అయితే కారణం రాసి, సీనియర్ ఆపరేటర్ అనుమతి తీసుకున్నాకే మళ్లీ నడపాలి. ఇన్‌స్పెక్టర్ మొదట అడిగేది ఈ పుస్తకాన్నే.

నివేదికలు: ఎప్పుడు, ఎవరికి

అమెరికాలో భద్రతా పరిమితి దాటితే రియాక్టర్‌ను ఆపేయాలి. కమిషన్ అనుమతి లేకుండా మళ్లీ మొదలుపెట్టే అధికారం విశ్వవిద్యాలయానికి లేదు. పరిమితికి మించిన రేడియోధార్మికత విడుదల, రక్షణ వ్యవస్థ పనిచేయకపోవడం, శృంఖల చర్యలో అనుకోని మార్పు, ఇంధన తొడుగు దెబ్బతినడం వంటివి జరిగితే మరుసటి పనిదినంలోపు ఫోనులో తెలపాలి, 14 రోజుల్లో రాతపూర్వక నివేదిక పంపాలి. పై రెండు అంచెల్లో అధికారి మారినా 30 రోజుల్లో తెలియజేయాలి. మనుషులు మారడాన్ని కూడా భద్రతా సంగతిగా లెక్కించడం ఈ నిబంధనల్లో ప్రత్యేకత. ఇవి కాక వార్షిక నివేదిక ఉంది. అందులో ఎన్ని గంటలు నడిచింది, ఎన్నిసార్లు అనుకోకుండా ఆగింది, ఎందుకాగింది, బయటికి ఎంత రేడియోధార్మికత వెళ్లింది, సిబ్బందికి ఎంత మోతాదు తగిలింది అన్నవి ఉంటాయి. ఈ పత్రాల్లో ఎక్కువ భాగం ఎవరైనా చదువుకోవచ్చు. టెక్సస్ ఏ అండ్ ఎం, పర్డ్యూ, పెన్ స్టేట్, నార్త్ కరోలినా స్టేట్ పేర్లు అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులకు బాగా తెలిసినవే. ఆ నాలుగు చోట్లా రియాక్టర్లున్నాయి.

ఘటన తీవ్రతను జనానికి చెప్పడానికి 1990లో వచ్చిన ఇనెస్ కొలబద్ద వాడతారు. అది 1 నుంచి 7 వరకు. భద్రతా ప్రాముఖ్యం లేనివి సున్నా.

ఘటనలు

చిన్న రియాక్టర్‌లో ప్రమాదం చిన్నదేనన్న నమ్మకానికి అర్జెంటీనా ఘటన సమాధానం. 1983 సెప్టెంబరు 23న బ్యూనస్ ఎయిర్స్‌లోని ఆర్‌ఏ-2 అనే దాదాపు శూన్యశక్తి ప్రయోగశాలలో ఆపరేటర్ ఇంధనం అమరిక మారుస్తున్నాడు. ముందుగా తొట్టిలోని నీటిని పూర్తిగా తోడేయాలన్న నియమం పాటించలేదు. రెప్పపాటులో శృంఖల చర్య విజృంభించింది. అతడు రెండు రోజులకు మరణించాడు. ఇనెస్‌పై ఇది 4వ స్థాయి.

మ్యూనిక్ ఘటన మరో కొసది. 2020 వసంతంలో ఎఫ్‌ఆర్‌ఎం-2లో వాడేసిన అయాన్ వినిమయ రెసిన్‌ను ఆరబెడుతున్నప్పుడు పరికరం అమరికలో మానవ తప్పిదం వల్ల కార్బన్-14 చిమ్నీ గుండా బయటికి వెళ్లింది. ఏడాదికి అనుమతించిన పరిమాణాన్ని సుమారు 15 శాతం మేర మించింది. ఆరోగ్యానికి హాని లేదు, కొలబద్దపై సున్నా. అయినా విశ్వవిద్యాలయం బవేరియా రాష్ట్ర పర్యావరణ శాఖకు తెలిపింది, మే నెలలో ప్రజలకూ ప్రకటించింది. నివేదిక వ్యవస్థ సరిగా పనిచేస్తోందా అన్నది పెద్ద ప్రమాదాల్లో కన్నా ఇలాంటి సున్నా స్థాయి సంగతుల్లోనే తేలుతుంది.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నడిపే మేరీలాండ్ రియాక్టర్ విశ్వవిద్యాలయానిది కాదు గాని, దాని పాఠం అన్నిటికీ వర్తిస్తుంది. 2021 జనవరిలో ఇంధనం మార్చినప్పుడు ఒక ఇంధన కట్ట గొళ్లెం సరిగా పడలేదు. ఫిబ్రవరి 3న శక్తి పెంచుతుండగా ఆ కట్టకు చాలినంత నీరు అందక కొంత కరిగింది. వికిరణ మానిటర్లు మోగాయి, రియాక్టర్ ఆగింది, ‘అలర్ట్’ ప్రకటించారు. విచారణలో శిక్షణ చాలకపోవడం, గొళ్లెం తనిఖీ పద్ధతి రాతలో సమగ్రంగా లేకపోవడం, ఉన్న పద్ధతిని కచ్చితంగా పాటించకపోవడం బయటపడ్డాయి. భద్రతా పరిమితి దాటినందున రెండేళ్లు ఆగి, 2023 మార్చిలో గాని మళ్లీ మొదలుపెట్టడానికి అనుమతి రాలేదు.

భారతదేశంలో (చూ. అప్సర, అణుశక్తి నియంత్రణ మండలి)

ఆసియాలో సోవియట్ యూనియన్ వెలుపల మొదటి రియాక్టర్ ట్రాంబేలోని అప్సర. 1956 ఆగస్టు 4న క్రిటికాలిటీకి చేరింది. కొలను రకం, 1 మెగావాట్. తరవాత సైరస్ (1960), జెర్లినా (1961), ధ్రువ (1985), కల్పాక్కంలో కామిని (1996) వచ్చాయి. సైరస్‌ను 2010 చివర మూసేశారు. తక్కువ సుసంపన్న ఇంధనంతో 2 మెగావాట్ల అప్సర-యు 2018 సెప్టెంబరు 10న పనిచేయడం మొదలుపెట్టింది. 1962 అణుశక్తి చట్టం ఈ రంగాన్ని కేంద్ర ప్రభుత్వానికే పరిమితం చేసింది. విశ్వవిద్యాలయ పరిశోధకులు ధ్రువ న్యూట్రాన్ పుంజాలను వాడుకోవడానికి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, అణుశక్తి విభాగాల ఉమ్మడి యూజీసీ-డీఏఈ కన్సార్షియం దారి చూపుతోంది. రియాక్టర్ అణుశక్తి విభాగానిది, ప్రయోగం విశ్వవిద్యాలయానిది. కాబట్టి రియాక్టర్ భద్రతా నివేదిక రాసే బాధ్యత విశ్వవిద్యాలయం మీద పడదు.

నియంత్రణకు 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) ఏర్పడింది. ఒక్కో అణు కేంద్రం స్థాయిలో సంఘం, దాని మీద నడిచే కేంద్రాల భద్రతా సమీక్షా సంఘం (సార్కాప్), చివరకు మండలి: ఇదీ సమీక్ష వరస. వికిరణ మోతాదు ఉద్యోగులకు ఐదేళ్లలో 100 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. సాధారణ ప్రజలకు ఏడాదికి 1.

వాదోపవాదాలు మండలి స్వతంత్రత చుట్టూ తిరిగాయి. మండలి అణుశక్తి కమిషన్‌కే జవాబుదారీ. ఆ కమిషన్ అధ్యక్షుడే రియాక్టర్లు నడిపే శాఖ కార్యదర్శి. 1993–96 మధ్య మండలి అధ్యక్షుడిగా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ హయాంలో 130 వరకు భద్రతా లోపాలను పట్టిక వేశారు. 2000లో భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) సంస్థలను మండలి పరిధి నుంచి తప్పించి, అదే కేంద్రంలోని భద్రతా మండలికి అప్పగించారు. అందువల్ల దేశంలోని ప్రధాన పరిశోధన రియాక్టర్లు, అప్సర-యు, ధ్రువ, నేడు ఏఈఆర్‌బీ కింద లేవు. కల్పాక్కంలోని కామిని ఉంది. మిస్సోరి రియాక్టర్ వార్షిక నివేదికను కర్నూలు జిల్లా ఆదోనిలో కూర్చుని చదవవచ్చు గాని, ట్రాంబే రియాక్టర్లకు అలాంటి బహిరంగ పత్రం దొరకదు. ఆయుధ కార్యక్రమంతో ముడిపడిన ఆవరణ కాబట్టి గోప్యత తప్పదన్నది సమర్థకుల వాదన. నడిపేవారే తనిఖీదారులు కావడం విమర్శకుల అభ్యంతరం.

2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) నివేదిక మండలికి చట్టబద్ధ హోదా లేకపోవడాన్ని ఎత్తిచూపింది. 2011లో ప్రవేశపెట్టిన అణు భద్రతా నియంత్రణ ప్రాధికార సంస్థ బిల్లు 15వ లోక్‌సభతో పాటే మురిగిపోయింది. 1962 చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ చట్టం ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా కల్పిస్తోంది, ప్రైవేటు సంస్థలకూ అణు విద్యుత్ రంగం తలుపు తెరుస్తోంది.

విశ్వవిద్యాలయాల్లోని రేడియోధార్మిక పదార్థాలు: మాయాపురి

రియాక్టర్ లేకపోయినా విశ్వవిద్యాలయం నియంత్రణ బాధ్యతలో ఎలా విఫలం కాగలదో 2010 మాయాపురి ఘటన చూపింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో కెనడా నుంచి తెచ్చిన కోబాల్ట్-60 గామా సెల్ ఉండేది. 1985 ప్రాంతం నుంచి దాన్ని ఎవరూ వాడలేదు. 2010 ఫిబ్రవరిలో పాత సామాను వేలంలో అదీ వెళ్లిపోయింది. మాయాపురి తుక్కు దుకాణంలో సీసపు కవచాన్ని విప్పారు. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు, పాతికేళ్లు మూలపడి ఉన్నా తీవ్రత సుమారు 27వ వంతుకే తగ్గుతుంది. ఏప్రిల్‌లో ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. ఇనెస్‌పై 4వ స్థాయి, అర్జెంటీనా రియాక్టర్ ప్రమాదంతో సమానం. నిబంధనల ప్రకారం వాడకం ఆగిన రేడియోధార్మిక పదార్థాన్ని ఏఈఆర్‌బీ అనుమతితో సరఫరాదారుకో, అధీకృత వ్యర్థ కేంద్రానికో అప్పగించాలి. ప్రతి సంస్థలోనూ ఉండాల్సిన రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఆ పదార్థాల లెక్క చూడాలి. ఇక్కడ ఆ లెక్కే లేకుండా పోయింది. విశ్వవిద్యాలయం రేడియోధార్మిక పదార్థాలు వాడకుండా మండలి నిలిపివేసింది.

తెలుగు ప్రాంతాల్లో (చూ. ఈసీఐఎల్, జ్ఞానానంద, స్వామి, కప్పట్రాళ్ల)

అప్సర నిర్మాణ బృందంలో ముఖ్యుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు. రియాక్టర్‌ను అదుపు చేసే ఎలక్ట్రానిక్ పరికరాల పని ఆయన విభాగానిదే. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) స్థాపించి రియాక్టర్ నియంత్రణ వ్యవస్థలను, వికిరణ మీటర్లను దేశంలోనే తయారు చేయించారు. ఏఎస్‌రావు నగర్‌ది ఆయన పేరే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేసింది స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, సన్యసించి, ప్రాగ్, లివర్‌పూల్ ప్రయోగశాలల్లో పనిచేసి వచ్చినవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని అణు పరిశోధన ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టారు.

కర్నూలు జిల్లా పడమటి మండలాలకు అణు రంగం ఖనిజాన్వేషణ రూపంలో వచ్చింది. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల రిజర్వు అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేయాలని హైదరాబాదు కేంద్రంగా ఉన్న అణు ఖనిజాల సంచాలనాలయం ప్రతిపాదించింది. 2024 నవంబరు మొదట్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోడ్డెక్కారు. ప్రభుత్వం పని ఆపించింది. అన్వేషణ వేరు, గని వేరు, రియాక్టర్ వేరు. మూడింటికీ అనుమతులూ నియమాలూ వేరు. ఊళ్లవాళ్ల భయానికి ఆధారం మాత్రం తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువు గురించి కడప రైతులు చెబుతూ వచ్చిన మాటలు.

ఇదే కర్నూలు జిల్లాలోని ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వాసులకు ఏఈఆర్‌బీ ఎదురుపడేది రియాక్టర్ దగ్గర కాదు, ఎక్స్‌రే గదిలో. ప్రతి ఎక్స్‌రే, సీటీ యంత్రానికీ మండలి లైసెన్సు గాని రిజిస్ట్రేషన్ గాని ఉండాలి. దరఖాస్తు ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పెట్టుకోవాలి. టెక్నీషియన్ చొక్కాకు తగిలించుకునే టీఎల్‌డీ బ్యాడ్జీని గడువు ప్రకారం ప్రయోగశాలకు పంపితే, అతడికి తగిలిన మోతాదు లెక్కకట్టి చెబుతారు. 2012 కాగ్ నివేదిక ప్రకారం దేశంలోని 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో మండలి దగ్గర నమోదైనవి 5,270. తనిఖీల కోసం రాష్ట్రాల్లో రేడియేషన్ భద్రతా సంచాలనాలయాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2001లోనే ఆదేశించింది. 2012 నాటికి అవి కేరళ, మిజోరంలలో మాత్రమే ఏర్పడ్డాయి.